ఓరగా పొమ్మంటే సరిపోదు: బరంపురం బడులకు బహిరంగ లేఖ

గంజాం జిల్లా విద్యాశాఖ అధికారి గారికి,
బరంపురం నగరంలోని ఉన్నత పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు, బడి కమిటీల సభ్యులకు,

నమస్కారం.

ఒడిశా ప్రభుత్వం తొమ్మిదో తరగతి పిల్లలకు సైకిలు కోసం సాయం అందిస్తోంది. గొళంతర, అంబపువా, లంజిపల్లి వైపుల నుంచి పొద్దున్నే బారులుగా వచ్చే పిల్లల్ని చూస్తే ఆ డబ్బు వృథా పోలేదని ఎవరికైనా తెలుస్తుంది. లోటల్లా ఒక్కచోటే. సైకిలు ఇంటికొచ్చిన రోజుకీ, దాన్నేసుకుని పిల్ల గిరి రోడ్డెక్కిన రోజుకీ మధ్య నేర్పేవాళ్ళు లేరు. ఇంట్లో అమ్మ "ఓరగా పోవే" అంటుంది. బడిలో మాస్టారూ అదే అంటారు. కూడలిలో పోలీసు కూడా ఈల వేసి చేత్తో అంచు చూపిస్తాడు. అంతటితో పాఠం అయిపోతుంది.

సైకిళ్ళు బాగుచేసేవాళ్ళం, తొక్కడం నేర్పేవాళ్ళం కొందరం కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. ఊరి రద్దీలో మరీ అంచుకు అంటుకుని తొక్కడమే పిల్లల్ని పడేస్తోందన్నది మా మాట. ఎందుకో, బదులుగా ఏం నేర్పాలో, అందుకు బడి ఏం చెయ్యగలదో రాస్తున్నాం. తీరిగ్గా చదవండి.

రోడ్డు అంచున ఏముంటుందో ఒకసారి నడిచి చూడండి. లారీల నుంచి రాలిన ఇసుక, సగం మూసిన కాలువ పలక, సీసా పెంకులు, పాన్ డబ్బా ముందు అడ్డంగా నిలిపిన స్కూటీ, ముందుకొచ్చిన దుకాణం మెట్టు, వానాకాలమైతే లోతు తెలియని నీళ్ళు. వీటన్నిటికన్నా చెడ్డది టారు అంచు. పాత టారు మీద కొత్త టారు పోస్తారు, పక్కనున్న మట్టిని ఎత్తు చెయ్యరు. అక్కడ మూడు నాలుగు వేళ్ళ మెట్టు ఏర్పడుతుంది. ఓరగా పోతున్న సైకిలు చక్రం ఆ మెట్టు దిగిపోతుంది. దిగినప్పుడు ఎవరూ పడరు, మళ్ళీ ఎక్కబోయేటప్పుడు పడతారు. చక్రం అంచు వెంబడే దొర్లుతూ ఉంటుంది కనుక పైకెక్కదు, టారు గోడను రాసుకుంటూ పోతుంది. ఇంకాస్త కుడికి తిప్పితే ముందు చక్రం పట్టేసినట్టు ఆగుతుంది, ఒళ్ళు మాత్రం కుడివైపుకి, అంటే వెనకొచ్చే బండి ముందుకి, వాలుతుంది. పిల్లలకు నేర్పాల్సింది ఇది: చక్రం దిగితే దిగనీ, మట్టి మీదే మెల్లగా ఆగు, కిందికి దిగు, సైకిలు ఎత్తి టారు మీద పెట్టుకో. తొక్కుతూ ఎక్కించాలని చూడకు.

కాలువల మీది ఇనప జాలీలదీ ఇలాంటి కథే. మామూలు పెద్ద సైకిలు టైరు వెడల్పు ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. పిల్లలు ముచ్చటపడే సన్న టైర్ల సైకిళ్ళకు ఇంకా తక్కువ. జాలీ కడ్డీలు బండ్లు పోయే దిక్కుకే ఉండి, సందు అంతకన్నా వెడల్పుగా ఉంటే ముందు చక్రం అందులోకి దిగి ఇరుక్కుంటుంది, తొక్కేవాడు హ్యాండిలు మీదుగా ముందుకు పడతాడు.

మూడో సంగతి వెనక వచ్చేవాళ్ళది. సైకిలు అంచుకు నక్కి పోతుంటే, పక్కన చోటుంది కదా అని ఆటో, బైకు, కారు ఒక్కోటీ జానెడు ఎడంతో దూరి పోతాయి. ఎదురుగా గుంత వచ్చిందనుకోండి, ఎడమకు తప్పుకోవడానికి కాలువ, కుడికి తప్పుకుంటే ఆటో. అదే సైకిలు కాస్త లోపలికి ఉంటే వెనకవాడు తప్పనిసరిగా ఒక క్షణం ఆలోచిస్తాడు, వేగం తగ్గిస్తాడు, లేదా పూర్తిగా పక్కకు జరిగి దాటుతాడు. పిల్లకు ఎడమవైపు తప్పుకునే చోటు మిగులుతుంది.

అందుకని ఊళ్ళో అంచు నుంచి మీటరు ఎడం పాటించమని చెప్పండి. మీటరంటే కంటికి అందదు కాబట్టి కొలత ఇలా చెప్పవచ్చు: ఎడమ చెయ్యి పక్కకు చాచితే వేళ్ళు కాలువ గట్టుకు గానీ టారు అంచుకు గానీ అందకూడదు. ఆగి ఉన్న కార్ల పక్కన ఇంకొంచెం ఎక్కువ కావాలి, ఎందుకంటే తలుపు బార్లా తీస్తే దాదాపు మీటరు బయటికి వస్తుంది. గాంధీనగర్ దుకాణాల వరసలో కార్లను దాటేటప్పుడు మూడు చూడాలి: డ్రైవరు సీట్లో తల కనిపిస్తోందా, వెనక ఎర్రలైటు ఇప్పుడే ఆరిందా, ముందు చక్రం బయటికి తిరిగి ఉందా. ఏది ఉన్నా ఆ కారు కదలబోతోంది, లేదా తలుపు తెరుచుకోబోతోంది. రెండు కార్ల మధ్య ఖాళీ దొరికిందని ఎడమకు దూరి, మళ్ళీ కుడికి రావడం అన్నిటికన్నా ప్రమాదం. వెనకవాడికి సైకిలు ఒకసారి మాయమై మళ్ళీ హఠాత్తుగా ఎదురొస్తుంది. గీత గీసినట్టు తిన్నగా పోవాలి.

బొడొ బజారు లాంటి ఇరుకు వీధుల్లో కారూ సైకిలూ పక్కపక్కన పట్టవు. అక్కడ నడిమధ్య నుంచే పోవాలి, వీధి వెడల్పయ్యాక పక్కకు రావాలి. వెనకవాడు హారన్ కొడతాడు. కొట్టనివ్వండి, హారన్ కొట్టాడంటే చూశాడనే కదా.

ఒక్కచోట మా మాట తిరగబడుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద మీటరు లోపలికి పొమ్మని మేం చెప్పం. అక్కడ బండ్లు మూడు నాలుగింతల వేగంతో వస్తాయి. సర్వీసు రోడ్డు ఉంటే దాని మీదే, లేనిచోట తెల్లగీత బయటనే పోవాలి. దాటాల్సి వస్తే వంతెన కింద నుంచే. మధ్యగట్టును పగలగొట్టి చేసిన సందుల్లో నుంచి సైకిలు దాటించడం పిల్లలకు ఏ రోజూ అలవాటు కాకూడదు. ఇంకొకటి, చుట్టూ తిరిగి రావడానికి బద్ధకించి రాంగ్ సైడులో తొక్కుతారు. "ఎదురుగా వచ్చే బండి కనిపిస్తుంది కదా" అని వాదిస్తారు కూడా. లెక్క చెప్పండి: సైకిలు 15, లారీ 60 కిలోమీటర్ల వేగంలో ఉంటే ఒకే దిక్కున పోయేటప్పుడు తేడా 45, ఎదురెదురుగా అయితే 75. తప్పించుకోవడానికి ఇద్దరికీ దొరికే సమయం అంత తగ్గిపోతుంది. పైగా పక్క రోడ్డు నుంచి ఎక్కేవాడు తన కుడివైపే చూస్తాడు, ఎడమ నుంచి రాంగ్ సైడులో సైకిలు వస్తుందని అనుకోడు.

ఇక పెద్ద బండ్లు. లారీ గానీ బస్సు గానీ ఎడమకు తిరిగేటప్పుడు ముందు చక్రాలు పోయిన దారిలో వెనక చక్రాలు పోవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. టాటా బెంజ్ ఛక (కూడలి) దగ్గర లారీ ఆగి ఉంది, దాని ఎడమ పక్కన సైకిలు పట్టేంత సందు ఉంది, పిల్ల అందులోకి వెళ్ళి ఆగింది అనుకోండి. లారీ ఎడమకు తిరిగితే ఆ సందు వెనక నుంచి మూసుకుపోతుంది. మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి ఎడమ పక్క ఆయనకు అద్దంలో ఎంత కనిపిస్తే అంతే. అద్దంలో డ్రైవరు మొహం నీకు కనిపించకపోతే నువ్వు ఆయనకు కనిపించడం లేదని పిల్లలకు చెప్పండి. పెద్ద బండి వెనకే ఆగాలి, పక్కన ఆగకూడదు. సిగ్నలు పడ్డా, లారీ ఇండికేటరు వెయ్యకపోయినా ఇదే నియమం.

బస్సు ఆగినప్పుడు బస్సుకీ గట్టుకీ మధ్య నుంచి దూరకూడదు, జనం దిగేది అటువైపే. ఆటో విషయంలో ఇంకో కిటుకు ఉంది. ఆటోను చూడకండి, రోడ్డు పక్క నిలబడ్డవాళ్ళను చూడండి. ఎవరైనా చెయ్యెత్తారంటే ముందున్న ఆటో మరు క్షణంలో ఎడమకు కోస్తుంది, ఇండికేటరు కోసం ఎదురుచూస్తే ఆలస్యమైపోతుంది. ఆవులు, ఆంబోతులు అడ్డొస్తే తోక వైపు నుంచి దాటాలి, తల వైపు నుంచి కాదు. కుక్కలు వెంటపడితే దిగి, సైకిలును మధ్యలో పెట్టుకుని నడవడం మేలు.

కుడివైపు తిరగడం పిల్లలకు అన్నిటికన్నా కష్టమైన పని. చిన్న వీధిలో అయితే ముప్పై మీటర్ల ముందే కుడి భుజం మీదుగా వెనక్కి చూసి, చెయ్యి చాచి, మళ్ళీ చూసి, మధ్యకు జరిగి తిరగవచ్చు. పెద్ద కూడలిలో ఇలా వద్దు. తిన్నగా కూడలి దాటి అవతలి ఎడమ మూల దాకా వెళ్ళాలి, అక్కడ ఆగి దిగి సైకిలును కుడికి తిప్పి పెట్టుకోవాలి, ఆ దిక్కు బండ్లు కదిలినప్పుడు వాటితో కలిసి పోవాలి. ఒక నిమిషం ఎక్కువ పడుతుంది. పిల్లలు మొదట నవ్వుతారు, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

చెయ్యి చాచడంలో చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. మన సైకిళ్ళలో ఎక్కువగా కుడి బ్రేకు ముందు చక్రానిది, ఎడమ బ్రేకు వెనక చక్రానిది. కుడిచెయ్యి చాచిన సమయంలో చేతికి మిగిలేది వెనక బ్రేకు ఒక్కటే. అది బలహీనమైనది. కాబట్టి ముందు వేగం తగ్గించి, ఆ తర్వాత చెయ్యి చాచి, మళ్ళీ రెండు చేతులూ హ్యాండిలు మీద పెట్టుకునే తిరగాలి. ఈ వరస తప్పితే చెయ్యి చాపడమే ప్రమాదం తెస్తుంది. కొన్ని సైకిళ్ళలో బ్రేకులు తారుమారుగా బిగించి ఉంటాయి, మొదటి రోజే ఏది దేనిదో నొక్కి చూపించండి.

బ్రేకుల గురించి ఇంకొంచెం. గంటకు 15 కిలోమీటర్లంటే సెకనుకు నాలుగు మీటర్లకు పైమాటే. కన్ను చూసి చెయ్యి నొక్కేలోపే ఆ నాలుగు మీటర్లు అయిపోతాయి. రెండు బ్రేకులూ బాగుంటే ఆపైన మూడు మీటర్ల లోపు ఆగుతుంది. ముందు బ్రేకు నొక్కితే బోర్లా పడతామని భయపడి పిల్లలు వెనకదొక్కటే వాడతారు, అప్పుడు దూరం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఆపేటప్పుడు బరువంతా ముందు చక్రం మీద పడుతుంది కనుక ఆపే శక్తి అక్కడే ఉంది. రెంటినీ కలిపి, క్రమంగా గట్టిగా నొక్కడం నేర్పాలి. వానలో ఇనప రిమ్ములున్న సైకిలుకు ఇంకో చిక్కు: తడి రిమ్ము మీద రబ్బరు జారిపోతుంది, ఆగే దూరం రెండు మూడింతలు కావచ్చు. ముందుగానే బ్రేకును కొద్దిగా నొక్కి ఉంచితే రిమ్ము మీది నీళ్ళు తుడుచుకుపోతాయి, ఆ తర్వాతే అసలు బ్రేకు పట్టుకుంటుంది.

కొత్త సైకిలు కదా అని నమ్మకండి. పెట్టెలో విడిభాగాలుగా వచ్చినవాటిని గబగబా బిగించి ఇస్తారు. మొదటి రెండు మూడు వారాల్లో చువ్వలు సర్దుకుని వదులవుతాయి, బ్రేకు కడ్డీలు జారుతాయి, నట్లు సడలుతాయి. ఒక్క ఇరవై రోజుల తర్వాత మళ్ళీ అన్నీ బిగించకపోతే ఏడాదంతా తిప్పలే. ప్రతి శనివారం బడి వదిలే ముందు పావుగంటలో చూడగలిగినవి ఇవి.

ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య పట్టుకుని హ్యాండిలు తిప్పి చూడాలి. చక్రం కదలకుండా హ్యాండిలు ఒక్కటే తిరిగితే పైనున్న బోల్టు వదులైంది, ఆ సైకిలు ఎక్కకూడదు. హ్యాండిలు కడ్డీ మీద, సీటు కడ్డీ మీద ఇంతకు మించి పైకి లాగరాదని గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపిస్తే కడ్డీ లోపల సరిపడా లేదు, విరగొచ్చు. బ్రేకు లీవరు పూర్తిగా నొక్కినా హ్యాండిలు పిడికి తగలకూడదు. తగిలిందంటే కడ్డీ బ్రేకుల్లో సాధారణంగా కింద కడ్డీని పట్టుకునే చిన్న బోల్టు జారి ఉంటుంది. రబ్బరు అరిగి ఇనుము రాసుకుంటుంటే గీరుతున్న చప్పుడొస్తుంది. కొత్త రబ్బరు వేసేటప్పుడు దాని చట్రంలో మూసిన కొస చక్రం తిరిగే దిక్కుకు ఉండాలి. తిరగేసి బిగిస్తే గట్టిగా బ్రేకు నొక్కిన రోజే రబ్బరు బయటికి జారి పడిపోతుంది. ఇలా తిరగేసి బిగించినవి రిపేరు షాపుల్లో ఎన్నో కనిపిస్తాయి.

పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడల్లా టక్కుమంటే కాటర్ పిన్ను, అంటే పెడలు కడ్డీని ఇరుసుకు బిగించే మేకు, వదులైనట్టు. చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ ఆడిస్తే అర అంగుళం కదలాలి. అంతకన్నా వదులైతే గతుకులో జారి పడిపోతుంది, బిగుతైతే తొక్కడం బరువవుతుంది. గాలి విషయానికొస్తే, పాతకాలం రబ్బరు గొట్టం వాల్వు ఉన్న ట్యూబుల్లో గాలి కొలిచే మీటరు సరిగా చూపదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే టైరు కొంచెమే లొంగాలి, పిల్ల కూర్చుంటే టైరు పక్కలు కొద్దిగా మాత్రమే ఉబ్బాలి. గాలి తక్కువైతే గుంతలో రిమ్ము ట్యూబును కొరికి రెండు పక్కపక్క చిల్లులు పెడుతుంది.

సైజు మాట మరిచిపోతారు. అందరికీ ఒకే ఎత్తు సైకిలు వస్తే పొట్టి పిల్లలు పడే పాట్లు అన్నీ ఇన్నీ కావు. నేల మీద నిలబడితే పై కడ్డీకీ కాళ్ళ మధ్యకీ రెండు వేళ్ళ సందు ఉండాలి, సీటు మీద కూర్చుంటే రెండు కాళ్ళ మునివేళ్ళూ నేలకు ఆనాలి. సైకిలు నడపడం బాగా వచ్చాక సీటు పెంచుకోవచ్చు. కాలు ఆనని పిల్ల సిగ్నలు దగ్గర ఒక పక్కకు ఒరిగిపోతుంది.

ఆడపిల్లలకు చైను మీద పూర్తి కవరు, వెనక చక్రానికి చీర గార్డు తప్పనిసరి. చున్నీ రెండు కొసలూ ముందుకు తెచ్చి నడుముకు ముడి వెయ్యాలి. వెనక క్యారియరు మీద చెల్లినో తమ్ముడినో ఎక్కించుకోవడం మన ఊళ్ళో మామూలే. ఆ చిన్నవాళ్ళ కాలు వేలాడి మడమ చువ్వల్లో పడుతుంది, తోలు ఊడి వచ్చేంత దెబ్బ. ఎక్కించక తప్పదంటే కాళ్ళు పెట్టుకునే ఆధారం, చువ్వలకు జాలీ బిగించాలి. హ్యాండిలుకు సంచీ తగిలించకూడదు, ఊగి చువ్వల్లోకి పోయిందంటే ముందు చక్రం ఒక్కసారిగా పట్టేస్తుంది. ఎండకైనా వానకైనా గొడుగు పట్టుకుని ఒంటిచేత్తో తొక్కడం, బైకు మీది స్నేహితుడి భుజం పట్టుకుని పోవడం, చెవుల్లో ఇయర్ ఫోన్లు: వీటి గురించి వేరే చెప్పక్కర్లేదు, నిషేధించండి చాలు.

ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక తిరిగొచ్చే పిల్లలు చాలామంది. కొత్త సైకిళ్ళకు ముందు తెల్లది, వెనక ఎర్రది, పెడళ్ళకు, చువ్వలకు మెరుపు బిళ్ళలు (రిఫ్లెక్టర్లు) ఉంటాయి. ఆరు నెలలకు సగం ఊడిపోతాయి. వెనక బిళ్ళ మిగిలినా దాని మీద బడిసంచీ వేలాడుతుంది. ఈ ఒక్కటి స్వయంగా చూడండి: సాయంత్రం బడి వదిలాక గేటు దగ్గర నిలబడి ఎన్ని సైకిళ్ళ వెనక ఎర్ర బిళ్ళ కనిపిస్తోందో లెక్కపెట్టండి. సంచీ కింద, క్యారియరు మీది టిఫిన్ డబ్బా వెనక, బురద పూత లోపల అవి దాక్కుని ఉంటాయి. సంచీ భుజాలకు వేసుకోవాలి, బిళ్ళను మడ్గార్డు కింది భాగానికి మార్చి బిగించాలి, సంచీ వెనక కూడా ఒక మెరుపు పట్టీ కుట్టించాలి. కుడి చీలమండకు ఒక పట్టీ కట్టుకుంటే ఇంకా మంచిది. కాలు పైకీ కిందికీ ఆడుతుంటే మెరుపు కూడా ఆడుతుంది, అది సైకిలని వెనకవాడికి వెంటనే అర్థమవుతుంది.

అయితే మెరుపు బిళ్ళ తన మీద లైటు పడితేనే మెరుస్తుంది. పక్క వీధి నుంచి వచ్చే బండి లైటు నేరుగా దాని మీద పడదు, కరెంటు పోయిన వీధిలో ఎదురొచ్చే మనిషికి అది కనిపించదు. కాబట్టి ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు కావాల్సిందే. చక్రం తిరిగితేనే వెలిగే డైనమో లైటు అయితే చక్రం ఆగగానే ఆరిపోతుంది, అంటే కూడలి మధ్యలో ఆగిన సమయంలో, ఎక్కువ అవసరమైన చోట, చీకటి. చిన్న బ్యాటరీ ఎల్ఈడీ లైట్లే మేలు.

హెల్మెట్ సైకిలుకు చట్టం తప్పనిసరి చెయ్యలేదు. పెట్టుకుంటే మంచిదే: నుదుటి మీద కనుబొమలకు రెండు వేళ్ళ పైన తిన్నగా ఉండాలి, పట్టీలు చెవి కింద కలవాలి, గడ్డం కింద ఒక వేలే దూరాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మార్చెయ్యాలి. కానీ హెల్మెట్ పంచి ఫొటో తీసుకుని నేర్పడం అయిపోయిందనుకోకండి. లారీ పక్కన ఆగకూడదని తెలిసిన పిల్లకు హెల్మెట్ తోడవుతుంది, తెలియని పిల్లను అది కాపాడలేదు.

ఇప్పుడు బడి చెయ్యవలసింది. మూడు శనివారాలు, ఆపైన ఒక ఆదివారం, రోజుకు గంటన్నర, పదిమంది పిల్లలకు ఒక పెద్దవారు. మైదానంలో సుద్దపొడితో ముప్పై సెంటీమీటర్ల ఎడంగా రెండు గీతలు ఇరవై మీటర్ల పొడవున గియ్యండి. మొదటి వారం సైకిలు చూసుకోవడం, ఎడమవైపు నుంచి ఎక్కడం దిగడం, గీసిన గీత మీద ఆపడం. రెండో వారం గీతల మధ్య ఒంటిచేత్తో పోవడం, ఆపైన వెనక్కి తిరిగి చూడటం. ఇది అన్నిటికీ పునాది. వెనక నిలబడ్డ మాస్టారు కొన్ని వేళ్ళు చూపిస్తారు, పిల్ల గీతలు దాటకుండా కుడి భుజం మీదుగా చూసి ఎన్ని వేళ్ళో చెప్పాలి. మొదట్లో అందరూ తల తిప్పిన వైపుకే సైకిలూ తిప్పేస్తారు. ఎడమ మోచెయ్యి వదులుగా ఉంచి, భుజాలు కదపకుండా గడ్డం ఒక్కటే తిప్పితే సరిపోతుంది. ఇది రానిదే రోడ్డు ఎక్కించవద్దు. వెనక్కి చూడలేని పిల్ల చెవులను నమ్ముకునే రోడ్డు మీద సైకిలు నడుపుతుంది, బ్యాటరీ ఆటోలు వచ్చాక చెవులూ పనికిరావడం లేదు.

మూడో వారం పది మీటర్లు ఎవరు అందరికన్నా నెమ్మదిగా, కాలు దించకుండా పోతారో పందెం పెట్టండి. రద్దీలో అవసరమయ్యేది ఆ నిదానమే. అదే రోజు ఒక బస్సునో లారీనో మైదానంలో ఆపించండి. పిల్లల్ని ఒక్కొక్కరిగా డ్రైవరు సీట్లో కూర్చోబెట్టి, ఎడమ పక్కన నాలుగు సైకిళ్ళు నిలబెట్టి, ఎన్ని కనిపిస్తున్నాయో అడగండి. మేం ఎంత చెప్పినా ఎక్కని పాఠం ఆ సీట్లో ఐదు నిమిషాల్లో ఎక్కుతుంది. నాలుగో వారం ఆదివారం పొద్దున్నే, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు, ఐదుగురి చొప్పున బయటికి. ముందొక పెద్ద, వెనకొక పెద్ద, ఒక్కో సైకిలుకు మధ్య రెండు సైకిళ్ళ ఎడం. బుడ్ఢి ఠాకురాణి అమ్మవారి యాత్ర జరిగే ఏడు ఆ వీధుల్లో తొక్కడం మాని, సైకిలు నడిపించుకుంటూ పోవడం కూడా ఒకరోజు చేయించండి. వానాకాలంలో నీళ్ళు నిలిచిన వీధిలోనూ అంతే.

ఇంటికిచ్చే కాగితం ఒడియాతో పాటు తెలుగులోనూ ఉండాలని ప్రత్యేకంగా కోరుతున్నాం. ఒడియా మాధ్యమంలో చదివే పిల్లల ఇళ్ళల్లో అమ్మమ్మలకు, తాతలకు చాలాసార్లు తెలుగే చదవడం వస్తుంది. "ఓరగా పో" అని రోజూ చెప్పేది వాళ్ళే.

బడి చేతిలో లేనివి కొన్ని ఉన్నాయి. వాటిని నగరపాలక సంస్థకూ రోడ్లు చూసే శాఖలకూ రాతపూర్వకంగా పంపమని ప్రధానోపాధ్యాయులను అడుగుతున్నాం. బడికి అర కిలోమీటరు చుట్టూ ఉన్న కాలువ జాలీలన్నీ రోడ్డుకు అడ్డంగా కడ్డీలు వచ్చేలా తిప్పించాలి. జాలీ నలుచదరంగా ఉంటే తీసి తిప్పి పెడితే చాలు, ఖర్చు కూడా లేదు. స్పీడ్ బ్రేకరు అంటే సిమెంటు కుప్ప పోయడం కాదు. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం బండ్లు 25 కిలోమీటర్ల వేగంలో దాటే గుండ్రని గుట్ట ప్రయాణ దిశలో 3.7 మీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మూరెడు వెడల్పున జానెడెత్తు పోస్తే సైకిలు అక్కడ ఎగిరి పడుతుంది, లేదా పిల్లలు దాన్ని తప్పించుకోవడానికి కాలువ పక్క వదిలిన సన్న సందులోకి దూరతారు. టారు అంచు మెట్టు ఉన్నచోట మొరం పోసి దిమ్మిస చేయించాలి.

అధికారులు "నియమాలు లేవు" అంటే రెండు సెక్షన్లు చూపించండి. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 138వ సెక్షనులో చేరిన 1ఎ ఉపవిభాగం, మోటారు లేని బండ్ల, పాదచారుల రాకపోకలకు నియమాలు చేసే అధికారం రాష్ట్రానికి ఇస్తోంది. 198ఎ సెక్షను, రోడ్డు కట్టడంలో, నిర్వహణలో ప్రమాణాలు పాటించకపోవడం వల్ల ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా అంటోంది. ఫిర్యాదులో జాలీ ఉన్న వీధి, స్తంభం నంబరు, కొలత, ఫొటో, తేదీ ఉండాలి. "రోడ్డు బాగోలేదు" అని రాస్తే ఆ కాగితం ఫైలు కిందికే పోతుంది.

శిక్షణకు బడికి కావలసినవి తక్కువే: నిలువు పంపు ఒకటి, నట్లకు సరిపోయే పానాలు, స్క్రూడ్రైవరు, ఒక డబ్బా గ్రీజు, చైను నూనె, బ్రేకు రబ్బర్లు రెండు డజన్లు, సుద్దపొడి సంచీ, మెరుపు పట్టీ చుట్ట. కమిటీ తీర్మానం చేసి శనివారాలు ఖాయం చేస్తే బిగించడం, నేర్పడం మేం వచ్చి చేస్తాం, కూలి అడగం. ఏప్రిల్‌లో ఉదయం బడులు మొదలయ్యే లోపే ఈ నాలుగు వారాలూ పెట్టుకోండి, ఆ తర్వాత ఎండకు మైదానంలో నిలబడటం కష్టం.

ఇట్లు,
బరంపురంలో సైకిళ్ళు బాగుచేసేవాళ్ళం, తొక్కడం నేర్పేవాళ్ళం